ప్యూరిన్ల దారిలో: భీమవరం నుంచి తేనెపెట్టె దాకా

తేనెటీగల పిల్లపురుగుల్ని కుళ్లబెట్టి చంపే బ్యాక్టీరియా పేరు పేనిబాసిల్లస్ లార్వే. అది డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల తయారీకి కావలసిన న్యూక్లియోబేసులను లోపలికి ఎలా లాక్కుంటుందో తెలిసింది ఈమధ్యే. ఆ పరిశోధన మూలాలు వెతుక్కుంటూ వెళ్తే దారి తణుకు పొరుగునున్న భీమవరానికే వస్తుంది.

అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో, కణాల్లో శక్తిని మోసే ఏటీపీని వెలుగులోకి తెచ్చారు. ఏటీపీలో ఉండే ఎడినిన్ ఒక న్యూక్లియోబేసు, ప్యూరిన్ల జాతిది. అదే ప్రయోగశాలలో జార్జ్ హిచింగ్స్ ప్యూరిన్లను కొలిచే పద్ధతుల మీద పనిచేసి 1933లో డాక్టరేట్ పొందాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్క్ అసూయ బయటికి రానివ్వలేదని, వాటిని ఇతరులు మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందని తర్వాత చెప్పింది హిచింగ్సే. 

సూక్ష్మజీవికి అసలు ప్యూరిన్‌ను పోలిన నకిలీని మేపితే ఏమవుతుంది? హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియాన్ ఆ ప్రశ్న పట్టుకునే 6-మెర్కాప్టోప్యూరిన్ అనే మందు దాకా వెళ్లారు. 1988లో నోబెల్ అందుకున్నారు. అయితే నకిలీ పనిచేయాలంటే ముందు కణంలోకి చేరాలి. అసలు సరుకు వచ్చే తలుపులోంచే అదీ రావాలి. ఆ తలుపులే కణపొరలోని రవాణా ప్రొటీన్లు. ఈ.కోలై బ్యాక్టీరియాలో యురాసిల్ అనే మరో న్యూక్లియోబేసును తెచ్చే ప్రొటీన్ ఆకృతిని 2011లో చైనాలో నియెంగ్ యాన్ బృందం చూపింది: ఆ ప్రొటీన్ గొలుసు కణపొరను 14 సార్లు దాటుతుంది, ప్రోటాన్‌తో జతగా యురాసిల్‌ను లోనికి తెస్తుంది.

2018లో అమెరికా పరిశోధకులు తేనెటీగ శత్రువులోని ఇలాంటి ప్రొటీన్ జన్యువునే తీసి, సొంత యురాసిల్ రవాణా ప్రొటీన్ లేని ఈ.కోలైలో పెట్టారు. ఆ కణాలు యురాసిల్‌ను పీల్చుకున్నాయి. నకిలీ యురాసిల్ అయిన 5-ఫ్లోరోయురాసిల్‌కు లొంగాయి కూడా. ప్యూరిన్లను తెచ్చే మరో రెండు ప్రొటీన్ల వివరాలూ వచ్చాయి.

దీనితో మందు చేతికి వచ్చినట్టు కాదు. పాత మందుల అనుభవమే చూడండి: సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ మందుల కంపెనీ నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. ఆ టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులను తేనెపెట్టెల్లోనూ వాడారు. వాటికి లొంగని బ్యాక్టీరియా రకాలు పుట్టుకొచ్చాయి. పైగా ఆ బ్యాక్టీరియా ఏర్పరచే, దశాబ్దాలు బతికే సిద్ధబీజాలను (స్పోర్లను) ఆ మందులు అసలు తాకవు. ఆ సిద్ధబీజాలు పిల్లపురుగు కడుపులో మొలకెత్తడానికి టైరోసిన్‌తోపాటు యూరిక్ ఆమ్లం సంకేతమని 2013లో తేలింది. యూరిక్ ఆమ్లమూ ప్యూరినే.