ఉద్దానం బొంతలు – రికార్డుకెక్కని చరిత్ర

శ్రీకాకుళం జిల్లా చరిత్ర రాసేవారు శ్రీముఖలింగంతో మొదలుపెట్టి, శాలిహుండం, దంతపురం మీదుగా వచ్చి, పొందూరు ఖద్దరు దగ్గర ఒక పేరా ఆగుతారు. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసే ఆ నేర్పుకు ఆ గౌరవం తగినదే. అయితే నేసిన గుడ్డ చరిత్ర రాసినవారు ఆ గుడ్డ చిరిగాక ఏమైందో రాయలేదు. మా వజ్రపుకొత్తూరు వైపు అది బొంత అయ్యేది. ఆ బొంతను గురించి మన సభ్యులకు నాలుగు మాటలు విన్నవించుకుంటాను.

సంస్కృతంలో కంథ అన్నా, తెలుగులో బొంత అన్నా ఒకటే. బెంగాలీలు, ఒడియావారు ఆ కంథ మాటనే వాడుతున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లా రెండు ముక్కలైంది గానీ, బొంత కుట్టే పద్ధతి మాత్రం గీతకు రెండు వైపులా ఉండిపోయింది.

పద్ధతి చూడండి. వాడి వాడి మెత్తబడిన నూలు చీరలు, పంచెలు ఉతికి, గంజి పోగొట్టి, నేల మీద ఒకదానిపై ఒకటి పరుస్తారు. నాలుగు మూలలా రాళ్లు పెడతారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అంచుల దగ్గర కూర్చుని లోపలికి కుట్టుకుంటూ వస్తారు. అందుకే కుట్టు వరుసలు ఒక చదరంలో ఇంకో చదరంలా మధ్యకు చేరతాయి. దారం కూడా కొనేవారు కారు. చీర అంచులోని పోగులు లాగి పురిపెట్టేవారు. కొలత బద్ద లేదు. జానెడు, బెత్తెడు – ఇవే కొలతలు.

పై పొర దగ్గరే అసలు పనితనం. గుడ్డ ముక్కలను అతికి గడులు చేసేవారు. నేను చూసిన వాటిలో మూడు రకాలు బాగా జ్ఞాపకం. మొదటిది, బెత్తెడు చదరాలు ముదురు రంగు, లేత రంగు మార్చి మార్చి వేసినది. రెండోది, చదరాన్ని మూల నుంచి మూలకు కోసి రెండు రంగుల త్రిభుజాలు కలిపినది. నాలుగు చేర్చితే గాలిపటంలా తిరుగుతున్నట్టు ఉంటుంది. మూడోది, మధ్యన ఎర్ర చదరం, దాని చుట్టూ వరుసగా పట్టీలు. వీటికి మా వాళ్లు పేర్లు పెట్టలేదు. పసిపిల్ల బొంత, మంచం బొంత, బండి మీది బొంత అని పనిని బట్టే పిలిచేవారు.

పేరు లేనిదాన్ని రిజిస్టరులో ఎక్కించడం ఎంత కష్టమో గుమాస్తాగిరీ చేసినవారికి చెప్పనక్కరలేదు.

ఆ పాత బొంతలు ఇప్పుడు ఎక్కడున్నాయి? ఉద్దానంలో ఒక ముసలమ్మగారిని ఇదే అడిగాను. ఆమె తన బొంత చూపించి, "విప్పి సూడు బావూ, మా అత్త కుట్టినది లోపలే ఉంది" అంది. నిజమే. చిరిగిన బొంతను పారేయరు, దాని మీద కొత్త పొర వేసి కుడతారు. పాత బొంత కొత్త బొంతకు పొట్ట అవుతుంది. ఆవిడ ఒక మూల కుట్లు విప్పగా లోపల ఎర్ర చదరం గడి కనిపించింది. పైన గళ్ల లుంగీ, కింద ఆ పనితనం! పాత ఫైలు మీద కొత్త అట్ట వేసినట్టు.

ఈ అలవాటుకు లేమి ఒక కారణం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, నూలు బట్టల మీద కంట్రోలు ఉత్తర్వు వచ్చింది. కొత్త చీర దొరకడమే గగనమైన ఆ రోజుల్లో అతుకు మీద అతుకు పడిందని మా అమ్మ చెప్పేది. తర్వాత వచ్చిన టెరిలిన్, నైలాన్, పాలియెస్టరు చీరలు చిరగవు, చెమట పీల్చవు, పొరలు జారిపోతాయి. బొంతకు పనికొచ్చే చీరే కరువైంది. మిగిలిన వాటికి 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను చాలినంత పని చేసింది. తడిసిన దుప్పటి ఆరుతుంది. అయిదారు పొరల బొంత ముక్కిపోతుంది. కొబ్బరి చెట్లకు లెక్క కట్టారు, జీడితోటలకు కట్టారు. బొంతకు ఏ కాలమ్ కింద కడతారు?

బెంగాలులో ఇలా పోకుండా ఆపినవాడు కూడా సర్కారు ఉద్యోగే. గురుసదయ్ దత్ (1882–1941) ఐ.సి.ఎస్. అధికారి, బీర్‌భూం వంటి జిల్లాల్లో కలెక్టరుగా తిరుగుతూ పల్లెటూళ్ల కంథలు సేకరించాడు. ఆయన సేకరణతో కలకత్తా దగ్గర జోకాలో మ్యూజియం ఏర్పడింది. అమెరికాలో కాన్సస్ సిటీ స్టార్ అనే పత్రిక 1928 నుంచి 1961 వరకు బొంత గడుల నమూనాలు అచ్చు వేసింది. వెయ్యికి పైగా వచ్చాయి. బార్బరా బ్రాక్‌మన్ అనే ఆవిడ అటువంటివన్నీ ఏరి, నాలుగు వేలకు మించిన నమూనాలతో 1993లో ఒక కోశమే వెలువరించింది. మన ఎర్ర చదరం, చుట్టూ పట్టీల గడి అక్కడ కొయ్యదుంగల ఇల్లు అనే పేరుతో ప్రసిద్ధం. మన పొరుగున పూరీ దగ్గర పిప్పిలిలో గుడ్డ మీద గుడ్డ కుట్టే పని నిలిచిందంటే, జగన్నాథ రథాలకు ఏటా ఆ పని కావలసి రావడం వల్ల. మన బొంతకు గుడీ లేదు, పత్రికా లేదు.

కనుక ఇంట్లో పాత బొంత ఉన్న సభ్యులు ఒక మూల జాగ్రత్తగా విప్పి చూడండి. గడి కనిపిస్తే గళ్ల కాగితం మీద కొలతలతో గీయండి. రంగులు, ఊరు, కుట్టినవారి వరుస, ఉజ్జాయింపు సంవత్సరం పక్కనే రాయండి. మళ్లీ కుట్టదలిస్తే నూలు గుడ్డనే వేడినీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. అట్టముక్క నమూనా కోసి, చుట్టూ పావు అంగుళం కుట్టుకు వదలండి. మధ్య చదరానికి పట్టీలు ఒకే దిక్కుగా తిప్పుతూ చేర్చాలి. ప్రతి పట్టీ ముందుదాని కొసను కప్పాలి. గడులను ముందు వరుసలుగా, ఆపై వరుసకు వరుస కలపాలి. ముసలమ్మగారి బొంతలోని గడి కొలతలు: మధ్య చదరం బెత్తెడు, పట్టీ రెండు వేళ్లు, ఒక్కో వైపు మూడేసి పట్టీలు. నేను గీసుకున్న కాగితం నా దగ్గరుంది. నెలవారీ సమావేశానికి తెస్తాను.