జరిమానా ఎవరి ఖాతాలో జమ?

నేను రక్షణ శాఖ అకౌంట్స్‌లో ముప్ఫై అయిదేళ్ళు బిల్లులు తనిఖీ చేసి రిటైరైన మనిషిని. చదివింది బి.కాం. లాయర్ని కాను. ఏ కాగితం చూసినా నా కన్ను ముందు రెండు చోట్లకే పోతుంది: డబ్బు ఎవరు కడుతున్నారు, ఏ పద్దులో జమ అవుతోంది. రిటైరైన నెలలోనే ఎవరో ఫోన్ చేసి, నా పేరూ హోదా చెప్పి, "సార్, గ్రాట్యుటీ వచ్చిందా? మా దగ్గర డిపాజిట్ చేయండి" అన్నారు. ఆ వివరాలు వాళ్ళకెలా చేరాయో అడిగితే ఫోన్ పెట్టేశారు. అప్పుడు మొదలుపెట్టాను, వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాల చరిత్ర చదవడం. తేలిందేమిటంటే, ఈ కథ అసలు మనకోసం మొదలు కాలేదు.

2005లో పుణెలోని ఒక కాల్ సెంటర్ మాజీ ఉద్యోగులు అమెరికా బ్యాంకు ఖాతాదారుల డబ్బు కాజేసిన కేసు బయటపడింది. అదే ఏడాది ఢిల్లీలో బ్రిటిష్ ఖాతాదారుల వివరాలు తనకు అమ్మారని లండన్ పత్రికా విలేకరి ఒకరు రాశాడు. మన ఐటీ కంపెనీలకు గుబులు పుట్టింది. విదేశీ ఖాతాదారు నమ్మకం పోతే వ్యాపారమే పోతుంది కదా! కంపెనీల సంఘం నాస్కామ్ 2008లో డేటా సెక్యూరిటీ కౌన్సిల్ పెట్టింది. అదే ఏడాది పార్లమెంటు ఐటీ చట్టాన్ని సవరించి 43ఎ సెక్షన్ చేర్చింది. కంపెనీ అజాగ్రత్త వల్ల సున్నితమైన సమాచారం బయటికి పోయి ఎవరికైనా నష్టం జరిగితే, ఆ నష్టపోయిన మనిషికే పరిహారం కట్టాలి. అజాగ్రత్తనూ నష్టాన్నీ రుజువు చేయడం సామాన్యుడికి కష్టమే. అయినా జమ పద్దులో బాధితుడి పేరుంది.

2011 ఏప్రిల్‌లో దీనికి నియమాలు వచ్చాయి. సమాచారం తీసుకునేముందు రాతపూర్వక సమ్మతి కావాలన్నారు. అవుట్‌సోర్సింగ్ కంపెనీలు గగ్గోలు పెట్టాయి: అమెరికా ఖాతాదారు దగ్గర మేమెలా సంతకం తెస్తాం అని. ఆగస్టు 24న ప్రభుత్వం వివరణ ఇచ్చి, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకు ఆ నియమం వర్తించదంది. కంపెనీల వాదనలో న్యాయం ఉంది, కాదనను. కానీ వేగం చూడండి: నాలుగు నెలలు.

మరి పౌరుడి సంగతి? 2012లో జస్టిస్ ఏ.పి. షా నాయకత్వంలోని నిపుణుల బృందం సమగ్ర చట్టం కావాలని నివేదిక ఇచ్చింది. అది అలాగే ఉండిపోయింది. ఆధార్ కేసులో సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వమే గోప్యత ప్రాథమిక హక్కు కాదని వాదించింది. హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన ఆ కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా అది హక్కేనని తేల్చారు.

అంతకు కొద్దివారాల ముందే జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఏర్పడింది. సభ్యులు పదిమంది. అధికారులు, ఆచార్యులు, న్యాయ పరిశోధకుడు ఉన్నారు. నాస్కామ్ పెట్టిన డేటా సెక్యూరిటీ కౌన్సిల్ ముఖ్య కార్యనిర్వాహక అధికారిణి ఉన్నారు. వినియోగదారుల సంఘం నుంచి ఒక్కరూ లేరు. సమాచారం కాపీ దేశంలోనే ఉంచాలన్న సిఫారసుతో కౌన్సిల్ అధికారిణి విభేదిస్తూ నోట్ రాశారు. తన వర్గం మాట చెప్పడానికి ఆవిడ అక్కడున్నారు, చెప్పారు. మన మాట చెప్పడానికి ఎవరున్నారు?

అయినా 2018 ముసాయిదాలోనూ, 2019 బిల్లులోనూ బాధితుడికి పరిహారం అన్న క్లాజు ఉంది. సంయుక్త పార్లమెంటరీ కమిటీ 81 సవరణలు సూచించాక 2022 ఆగస్టులో ప్రభుత్వం బిల్లునే ఉపసంహరించుకుంది. మళ్ళీ రాసి 2023 ఆగస్టులో చట్టం చేశారు. ఇప్పుడు పద్దులు చూద్దాం.

కంపెనీలకు: ప్రభుత్వం నిషేధించిన దేశాలకు తప్ప, సమాచారం ఎక్కడికైనా పంపుకోవచ్చు. విదేశీయుల సమాచారంతో కాంట్రాక్టు పని చేసేవాళ్ళకు చాలా బాధ్యతల నుంచి మినహాయింపు, అంటే 2011 నాటి వివరణే చట్టంలోకి ఎక్కింది. ప్రభుత్వానికి: తన సంస్థల్ని చట్టం పరిధి నుంచి తప్పించుకునే అధికారం. పౌరుడికి: అబద్ధపు ఫిర్యాదు చేస్తే పదివేల రూపాయల వరకు జరిమానా.

భద్రత పాటించని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా అని పత్రికలు పెద్దక్షరాలతో వేశాయి. నిజమే. ఆ డబ్బు ఎక్కడ జమ అవుతుందో 34వ సెక్షన్ చెబుతుంది: భారత సంఘటిత నిధిలో, అంటే ఖజానాలో. ఇంకో సెక్షన్ పాత 43ఎ ను రద్దు చేస్తుంది. 2025 నవంబర్‌లో నియమాలు ప్రకటించి, ముఖ్యమైన అంశాలు పద్దెనిమిది నెలల తర్వాత అమలయ్యేలా గడువు పెట్టారు. సమాచారం పోయింది నాది, జరిమానా కట్టేది కంపెనీ, జమ అయ్యేది ప్రభుత్వానికి. ఇలాంటి బిల్లు నా టేబుల్ మీదికొస్తే అబ్జెక్షన్ రాసి వెనక్కి పంపేవాణ్ణి.

కంపెనీలు చట్టాన్ని కొనేశాయని కొందరు మిత్రులు అంటుంటారు. హేతువాదులం మనం కుట్ర కథలు చెప్పుకోకూడదు. కంపెనీలు చేసింది బహిరంగంగానే ఉంది: నివేదికలు రాశాయి, గడువులోపు అభ్యంతరాలు పంపాయి, కమిటీలో కూర్చున్నాయి. ఆ పని మనం చేయలేదు. గోప్యత తీర్పు వచ్చిన రోజు చప్పట్లు కొట్టాం, ముసాయిదాలు వచ్చిన రోజు చదవలేదు. పరిహారం క్లాజు రెండు బిల్లుల్లో ఉండి మూడోసారికి మాయమైనప్పుడు ఎంతమందిమి గమనించాం? చట్టానికి సవరణ కోరడానికి గడువేమీ లేదు. మనం అడగాల్సింది ఒక్క వాక్యమే: నష్టపోయినవాడికి పరిహారం చెల్లించాలి. మన సంఘం తరఫున ఆ ఉత్తరం రాయడానికి నేను సిద్ధం.