బడి కమిటీ సంతకం వెనక 140 ఏళ్ల కథ

మన నందిగాం, టెక్కలి, పలాస వైపు బడి కమిటీల్లోకి కొత్తగా వచ్చిన అమ్మలకి, అయ్యలకే ఈ మాటలు. పోస్టు కాస్త పొడుగే. మీరు పెట్టే సంతకం మన ఊళ్లకి ఎన్నాళ్లకి దక్కిందో తెలిస్తే దాన్ని ఊరికే పెట్టరు. అందుకే రాస్తున్నాను.

1884లో మద్రాసు ప్రభుత్వం స్థానిక బోర్డుల చట్టం తెచ్చింది. దాంతో జిల్లా బోర్డు, తాలూకా బోర్డు వచ్చాయి. మన ముసలోళ్లు ‘బోర్డు స్కూలు’ అనేది అందుకే. అప్పుడు మనది గంజాం జిల్లా. కలెక్టరు ఉండేది ఛత్రపురంలో. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యాక విశాఖపట్నం జిల్లాలో కలిశాం. 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాం. జిల్లాలు మారాయి గానీ, ఊళ్లో బడి సంగతి తేల్చేది మాత్రం పైవాళ్లే.

1959 చట్టంతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. ఎలిమెంటరీ బడి సమితి చేతికి, హైస్కూలు జిల్లా పరిషత్తు చేతికి పోయాయి. 1986-87లో సమితులు పోయి మండలాలొచ్చాయి. గోడ మీద పేరు మళ్లీ మారింది. కూలికెళ్తూ పిల్లని బడికి పంపే తల్లికి మాత్రం ఎక్కడా కుర్చీ లేదు.

ఆ కుర్చీ 1998లో వేశారు. బడి నిర్వహణలో తల్లిదండ్రులకి చోటిస్తూ మన రాష్ట్రం చట్టం చేసింది. తర్వాత 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. సగం మంది ఆడవాళ్లుండాలి. ఈ ‘సంరక్షకులు’ అన్న మాట మనకి చాలా అవసరం. అమ్మానాన్నలు వలసపోతే పిల్లని చూసుకునే అమ్మమ్మ కూడా సంరక్షకురాలే.

చట్టం మీకిచ్చిన పనులు ముఖ్యంగా మూడు. బడి ఎలా నడుస్తుందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యడం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం. అంటే లెక్క అడగడం హెడ్మాస్టరు గారి మీద అనుమానం కాదండి, అది మీ డ్యూటీ. మర్యాదగానే అడగండి.

మొదటి మీటింగుకి ముందు పాత మినిట్స్ పుస్తకం అడిగి చూడండి. చదువు రాకపోతే పైకి చదివించుకోండి. ఖాళీ పేజీ మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వెయ్యకండి. ఉపాధ్యాయులెందరో లెక్కెయ్యండి. ఎలిమెంటరీ బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలని చట్టంలోనే ఉంది. తక్కువైతే తీర్మానం రాయించి మండల విద్యాశాఖాధికారికి పంపండి. తాగునీళ్లు, మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం కాగితం మీద కాదు, వెళ్లి కళ్లతో చూడండి. ఉద్దానం వాళ్లకి నీళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇదంతా ఎందుకంటారా? 2022లో 117 జీవో కింద చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని ఊరి బడి నుంచి తీసి హైస్కూళ్లకి పంపారు. 2025లో ఆ జీవో పోయింది. జీవోలు వస్తాయి, పోతాయి. ఈసారి మీ బడి మీదకి ఏదైనా వస్తే, మా పిల్లలు ఇంతమంది, దారి ఇంత దూరం, మధ్యలో హైవే ఉంది అని చెప్పేది మీరు రాయించిన తీర్మానమే. నోటితో అన్నది గాలికి పోతుంది, పుస్తకంలో రాసింది ఉంటుంది.

మీ బడి మినిట్స్ పుస్తకంలో ఆఖరి తీర్మానం ఏంటో మీకు తెలుసా? తెలియకపోతే రేపే వెళ్లి అడగండి.