మహిళా మోటారు సైకిల్ క్లబ్బులు: పుట్టుక, ప్రయోజనం

మోటారు సైకిల్ చరిత్ర రాసినవారు ఎక్కువగా ఇంజను గురించి, పందేల గురించి రాశారు. బండి ఎవరి పేరున ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అని అడిగితే అదే చరిత్ర వేరుగా కనిపిస్తుంది. మహిళా క్లబ్బులను అర్థం చేసుకోవడానికి ఈ ప్రశ్న అవసరం.

ముందుగా అమెరికాను చూద్దాం. బండి నడిపే స్త్రీలు ఏ ఊళ్లలో ఉన్నారో తెలియక, లిండా డ్యూజో అనే ఆమె 1930ల చివర మోటారు సైకిల్ డీలర్లకూ ఇతరులకూ ఉత్తరాలు రాసి ఆరా తీసింది. అలా దొరికిన 51 మందితో 1940లో 'మోటార్ మెయిడ్స్' ఏర్పడింది. డాట్ రాబిన్సన్ తొలి అధ్యక్షురాలు. ఆ క్లబ్బు నియమాన్ని మీరు గమనించాలి: బండి సభ్యురాలి సొంతమైనా కావాలి, ఆమె కుటుంబానిదైనా కావాలి; నడిపేది మాత్రం ఆమే. వెనక సీటులో కూర్చునేవారికి సభ్యత్వం లేదు. 1950లో లూయీస్ షెర్బిన్ స్త్రీల కోసం అంతర్జాతీయ సంఘాన్ని స్థాపించింది.

మన ప్రాంతంలో కథ ఇలా నడవలేదు. ఇక్కడి స్త్రీలకు ముందు అందింది మోటారు సైకిల్ కాదు, మోపెడ్. మన పలమనేరుకు సరిహద్దు అవతల, హోసూరులో తయారైన టీవీఎస్ 50 బండి 1980లో వచ్చింది. పాలక్యాన్లు, గడ్డిమోపులు మోసే బండిగా ఈ పక్క పల్లెలకు అది చిరపరిచితం. గేర్లు లేవు, కాలెత్తి దాటవలసిన పెట్రోలు ట్యాంకు లేదు కనుక చీరతోనూ ఎక్కవచ్చు. 1990లలో స్కూటీ వచ్చాక కాలేజీ అమ్మాయిలకు, టీచర్లకు అదే బండి అయింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం లైసెన్సులలో గేరు ఉన్నవి, లేనివి అని రెండు తరగతులు పెట్టింది. అది సాంకేతిక విభజన మాత్రమే. గేరు బండి మగపిల్లవాడిదని తేల్చిన పెద్దలు మాత్రం ఏ చట్టమూ చదివి తేల్చలేదు!

ఈ గీతను దాటించే పని క్లబ్బులు చేశాయి. 2011లో ఊర్వశీ పటోలే, ఫిర్దౌస్ షేక్ 'బైకర్నీ' సంఘాన్ని ప్రారంభించారు. దాని హైదరాబాదు శాఖకు నాయకత్వం వహించిన జయభారతి వృత్తిరీత్యా ఆర్కిటెక్టు. 2018లో ఆమెతో కలిసి నలుగురు స్త్రీలు హైదరాబాదు నుంచి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలలో సుమారు 17,000 కిలోమీటర్లు తిరిగి వచ్చారు. వారిలో పియా బహదూర్ ఆ ప్రయాణాన్ని పుస్తకంగా రాశారు. 2019లో జయభారతి ప్రారంభించిన 'మోవో' సంస్థ స్త్రీలకు ద్విచక్ర వాహనాలు, ఆటోలు నడపడం నేర్పుతోంది. పత్రికలకు మెకాంగ్ యాత్ర పెద్ద వార్త. నా దృష్టిలో ఈ రెండో పనే పెద్దది. ఆటో నేర్చిన స్త్రీకి అది కూడు పెట్టే విద్య.

క్లబ్బు ఇచ్చేది ధైర్యం ఒక్కటే అనుకోకండి. మొగిలి ఘాటు వంటి మలుపుల దారిలో గుంపుగా వెళ్లేటప్పుడు దారి తెలిసినవారు ముందు, అనుభవం ఉన్నవారు చివర ఉంటారు, మధ్యలో కొత్తవారు. క్లచ్ వైరు తెగినా, టైరు పంక్చరైనా ఆగి చూసే మనిషి ఉంటుంది. మగవారికి ఈ విద్య మెకానిక్ షెడ్డు దగ్గర, స్నేహితుల మధ్య ఊరికే అబ్బుతుంది. షెడ్డు ముందు నిలబడే వీలు లేని స్త్రీకి దాన్ని నేర్పే చోటు ఎక్కడో ఒకటి కావాలి కదా.

ఈ పాఠానికి అభ్యాసం: మీ వీధిలో బండి నడిపే పదిమంది స్త్రీలను అడగండి. ఆర్‌సీ ఎవరి పేరున ఉంది? లైసెన్సు ఉందా, ఉంటే ఏ తరగతిది? పెట్రోలు డబ్బు ఎవరిస్తారు? జవాబులను వయసు వారీగా పట్టికలో రాసుకొని సంపర్క తరగతికి తీసుకురండి.