మృతుల పేరిట మోర్మన్ దేవాలయ విధులు, స్వలింగ దంపతులు

చనిపోయిన బంధువుల తరఫున బతికున్నవారు దేవాలయంలో విధులు జరిపించడం మోర్మన్ల ప్రత్యేక ఆచారం. ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’ అన్నది వీరి సంఘం అధికారిక నామం. మగవారి పేరిట మగవారు, ఆడవారి పేరిట ఆడవారు నీట మునిగి బాప్తిస్మం తీసుకుంటారు. పితృకర్మలా కొడుకే చేయాలన్న నియమం లేదు. ఆ విధిని స్వీకరించడం, మానడం మృతుల ఇష్టమేనని సంఘం చెబుతుంది.

1840 ఆగస్టు 15న అమెరికాలోని నావూలో ఒక అంత్యక్రియల సభలో సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఈ బోధను తొలిసారి బహిరంగంగా చేశారు. భార్యాభర్తలను, పిల్లలను శాశ్వతంగా కలిపే బంధన విధిని సొంత వంశక్రమంలోనే జరపాలని 1894లో అప్పటి సంఘ అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ నిర్దేశించారు. ఆ ఏడాదే యూటా వంశావళి సంఘం ఏర్పడింది. తరువాతి దశాబ్దాలు పూర్వీకుల పేర్ల సేకరణలో గడిచాయి.

తెలుగునాట ఈ సంఘం మొదట చుట్టరికాల మీదుగానే పెరిగింది. సమోవాలో మతం స్వీకరించిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చారు. వారి బంధువుల్లో 22 మంది బాప్తిస్మం పొందారు. ఎల్సీ తండ్రి, బాప్టిస్టు బోధకుడు పి. శ్రీనివాసం, మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే మహత్తర కార్యం చేపట్టారు; ఎంపిక చేసిన భాగాలు 1982లో అచ్చయ్యాయి. 2012 మే 27న హైదరాబాదులో దేశంలోనే తొలి స్టేక్ (కొన్ని స్థానిక సమాజాల కూటమి) ఏర్పడింది. అయినా దేవాలయ విధుల కోసం ఇక్కడి సభ్యులు హాంకాంగ్ దాకా వెళ్లవలసి వచ్చేది.

వివాహం స్త్రీపురుషుల మధ్యదేనని సంఘం 1995లో ప్రకటించింది. స్వలింగ వివాహం చేసుకున్న సభ్యులను మతభ్రష్టులుగా పరిగణించే నియమం 2015 నవంబరులో వచ్చింది. 2019 ఏప్రిల్‌లో దాన్ని ఎత్తేశారు. అదే ఏడాది డిసెంబరులో సంఘం నడిపే ఫ్యామిలీసెర్చ్ వంశవృక్షంలో స్వలింగ దంపతులను దంపతులుగానే నమోదు చేసే వీలు కలిగింది. చరిత్రను ఉన్నదున్నట్టు రాసుకునే ఈ నిర్ణయం మెచ్చదగినది. విధులు మాత్రం మారలేదు. బాప్తిస్మం వ్యక్తికి సంబంధించింది, కాబట్టి బంధువులు మృతుల పేరిట దాన్ని జరిపించవచ్చు. ఇద్దరు పురుషులకో ఇద్దరు స్త్రీలకో బంధన విధి చేయరు.

2021 డిసెంబరులో హైదరాబాదుకు చెందిన సుప్రియో, అభయ్ అనే ఇద్దరు పురుషులు వివాహ వేడుక జరుపుకున్నారు. వారు వేసిన కేసులోనే 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. ఈ దేశపు చట్టం ఒప్పుకోని జంటకు కూడా ఫ్యామిలీసెర్చ్ వంశవృక్షంలో చోటుంది.

భారతదేశంలో తొలి మోర్మన్ దేవాలయాన్ని బెంగళూరులో కడతామని 2018 ఏప్రిల్ 1న ప్రకటించి, 2020 డిసెంబరులో భూమిపూజ చేశారు. బంధన నియమం అక్కడా ఇదే.