పరిదంత కణజాలాలు

దంతాలను చుట్టి ఉండి, వాటిని దవడ ఎముకలలో స్థిరంగా నిలిపే కణజాలాలను పరిదంత కణజాలాలు అంటారు. చిగుళ్ళు, పరిదంత స్నాయువు, సిమెంటం, దంతకోటర ఎముక అనే నాలుగు భాగాలు కలిసి ఈ వ్యవస్థ ఏర్పడుతుంది. వీటిలో బయటికి కనిపించేవి చిగుళ్ళు మాత్రమే. పుచ్చు లేని గట్టి దంతమైనా ఈ ఆధారం దెబ్బతింటే ఊడిపోతుంది.

నిర్మాణం

చిగుళ్ళు: ఇవి పంటి మెడను, దాని చుట్టూ ఉన్న ఎముకను కప్పి ఉంచుతాయి. ఆరోగ్యవంతమైన చిగుళ్ళు గట్టిగా ఉంటాయి. పళ్ళు తోముకునేటప్పుడు రక్తం కారదు. చాలామంది భారతీయులలో మెలనిన్ అనే వర్ణకం వలన చిగుళ్ళు నల్లగా గాని, గోధుమ రంగులో గాని ఉంటాయి. పుట్టుకతో వచ్చిన ఈ రంగు వ్యాధి కాదు. పంటికి, చిగురు అంచుకు మధ్య సాధారణంగా 1 నుండి 3 మిల్లీమీటర్ల లోతున సన్నని గాడి ఉంటుంది.

పరిదంత స్నాయువు: పన్ను ఎముకకు నేరుగా అతుక్కొని ఉండదు. రెండింటి మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల సందులో ఉండే కొల్లాజెన్ పోగులు పంటిని ఎముకకు కట్టి ఉంచి, నమిలేటప్పుడు కలిగే ఒత్తిడిని తట్టుకుంటాయి. అన్నంలో చిన్న రాయి పంటికింద పడగానే తెలియడానికి ఈ స్నాయువులోని నాడులే ముఖ్య కారణం.

సిమెంటం: పంటి వేరును కప్పి ఉండే పలుచని గట్టి పొర. స్నాయువు పోగుల ఒక కొస దీనిలోను, మరొక కొస ఎముకలోను నాటుకొని ఉంటాయి.

దంతకోటర ఎముక: పంటి వేరు ఇమిడి ఉండే గుంటను ఏర్పరచే దవడ ఎముక భాగం. పన్ను తీసివేసిన తరువాత ఇది క్రమంగా తగ్గిపోతుంది.

వ్యాధులు

సుశ్రుత సంహిత నిదానస్థానంలో దంతమూల వ్యాధులను 15గా లెక్కించారు. వాటిలో మొదటిదైన శీతాదానికి ముఖ్య లక్షణం చిగుళ్ళ నుండి రక్తం కారడం.

పళ్ళమీద పేరుకొనే పాచిలో అసంఖ్యాకమైన బాక్టీరియా ఉంటాయి. దీనిని తొలగించకపోతే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గారగా మారుతుంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హెరాల్డ్ లో, ఆయన సహచరులు 12 మంది చేత కొంతకాలం పళ్ళు తోమడం మాన్పించి పరిశీలించారు. మూడు వారాలలోపే అందరికీ చిగుళ్ళ వాపు వచ్చింది. తిరిగి శుభ్రం చేసుకోగా సుమారు వారంలో తగ్గిపోయింది. చిగుళ్ళ వాపుకు పాచి కారణమని దీనితో రుజువైంది.

వాపు లోపలికి వ్యాపిస్తే గాడి లోతై, స్నాయువు తెగి, ఎముక కరగడం మొదలవుతుంది. దీనిని పరిదంతశోథం అంటారు. చిగుళ్ళ వాపు పూర్తిగా నయమవుతుంది కాని, ఒకసారి కరిగిన ఎముక దానంతట అది తిరిగి రాదు. ఈ వ్యాధిలో చాలాకాలం వరకు నొప్పి ఉండదు. అందువలన పళ్ళు కదిలే వరకు చాలామంది గమనించరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం తీవ్రమైన పరిదంత వ్యాధి ఉన్నవారు 100 కోట్లకు పైగా ఉన్నారు.

పొగత్రాగడం, అదుపులో లేని మధుమేహం వ్యాధిని పెంచుతాయి. పొగత్రాగేవారిలో చిగుళ్ళ నుండి రక్తం తక్కువగా కారుతుంది కనుక వ్యాధి బయటపడదు. గర్భిణులలో హార్మోన్ల మార్పుల వలన చిగుళ్ళు త్వరగా వాస్తాయి.

చికిత్స, నివారణ

పాచిని బ్రష్షుతో తొలగించవచ్చు కాని, గారను దంతవైద్యుడే తీయాలి. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయనే నమ్మకం సరికాదు. అప్పటికే ఎముక కరిగిన పళ్ళను గార పట్టి ఉంచినట్లు కనిపిస్తుంది. అది పోగానే కదలిక తెలుస్తుంది.

రక్తం వస్తున్నదని పళ్ళు తోమడం మానితే పాచి పెరిగి వాపు ఎక్కువవుతుంది. మెత్తని బ్రష్షుతో రోజుకు రెండుసార్లు తోముకొని, పళ్ళ సందులను కూడా శుభ్రం చేసుకోవాలి. ఇటుకపొడి వంటి గరుకు పదార్థాలు పళ్ళను అరగదీసి, చిగుళ్ళను గాయపరుస్తాయి. చిగుళ్ళ నుండి తరచుగా రక్తం వస్తుంటే, నొప్పి లేకపోయినా దంతవైద్యుని సంప్రదించడం అవసరం.