బుల్లెట్టు పాతదే, టైరు పాతది కావద్దు

ఇచ్చోడలో మా ఇంటి కొట్టంలో నాయన బుల్లెట్టు పన్నెండేళ్లు కదలకుండా ఉంది. పత్తి ఏరుడు అయిపోయాక బయటికి తీశాను. ట్యాంకు కడిగించి, కార్బురేటర్ విప్పించి, ప్లగ్గు మార్చితే నాలుగో కిక్కుకే పలికింది. మెకానిక్ తమ్ముడు ముందర టైరు మీద చెయ్యి వేసి, "గ్రిప్పు నిండుగనే ఉందన్నా, గాలి కొట్టిస్తే నడుస్తది" అన్నాడు. గ్రిప్పు నిండుగా ఉన్న మాట నిజమే. కానీ పక్క గోడలు ఎండాకాలంలో మా నల్లరేగడిలా నెర్రెలు బారి ఉన్నాయి.

ఇక్కడి నుంచి నిర్మల్ వెళ్లాలంటే నేరడిగొండ దాటి మహబూబ్ ఘాట్ దిగాలి. వానాకాలంలో ఆ మలుపుల్లో బండిని నేలకు పట్టి ఉంచేవి అరచేయంత రబ్బరు ముక్కలు రెండే, ముందొకటి, వెనకొకటి. నాయన బండి మీద నాకెంత ప్రేమ ఉన్నా, ఆ నెర్రెల టైరుతో ఘాట్ దిగే ధైర్యం చేయలేదు.

కొత్త టైరు ఎంపికకు ముందు దాని కథ కొంత. గాలి టైరు చరిత్ర మన ఎడ్లబండికీ దగ్గరిదే. రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండ్ ఇంజినీరు 1845లోనే గాలి నింపిన చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో అది వాడుకలో నిలవలేదు, అంతా మరిచిపోయారు. 1880ల చివర్లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్లీ కనిపెట్టాడు. డన్‌లప్ పశువైద్యుడు. ఇనుప పట్టా చక్రాలు పోయి టైరు బండ్లు వచ్చాక మా ఊళ్లలో ఎడ్ల మెడ మీద బరువు ఎంత తేలికైందో పాత రైతులను అడిగితే చెబుతారు. ఒక పశువైద్యుడి ఆలోచన చివరికి పశువుకు చేరడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

తొలినాళ్ల మోటారు బండ్ల టైర్ల లోపల ఏముండేదో తెలుసా? పత్తి. రబ్బరు ఒక్కటే గాలి ఒత్తిడికి నిలవదు, సాగిపోతుంది. ఆకారం నిలపడానికి లోపల బట్ట పొరలు వేసేవారు. మొదట మామూలు నేత బట్ట వేశారు. నిలువు పోగులు, అడ్డం పోగులు ఒకదాన్నొకటి రాసుకుని వేడెక్కి తెగిపోయేవి. తర్వాత పోగులన్నీ ఒకే దిశలో పరిచి, ఒక పొర మీద ఇంకో పొరను ఏటవాలుగా వేయడం నేర్చుకున్నారు. అప్పుడు టైరు ఆయుష్షు పెరిగింది. ఇందుకు పొడవు పింజ పత్తి కావాలి, ఈజిప్టు పత్తికి గిరాకీ అలా వచ్చింది. 1930ల నుంచి రేయాన్, ఆ తర్వాత నైలాన్ ఆ చోటు తీసుకున్నాయి. పత్తికి తడి తగిలితే కుళ్లుతుంది, నైలాన్ కుళ్లదు. ఆదిలాబాద్ పత్తి మార్కెట్ పక్క నుంచి బండి మీద పోయినప్పుడల్లా నాకు ఈ కథ గుర్తొస్తుంది.

టైరు కథ అలా ఉంటే, బుల్లెట్టు పేరు 1930ల మొదట్లో ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పుట్టింది. 1950ల్లో మన సైన్యం 800 బండ్లు కావాలని అడిగింది. ఆ తర్వాతే, 1955లో మద్రాసులో బుల్లెట్టు తయారుచేసే ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. దాని ఫ్యాక్టరీ అక్కడి తిరువొత్తియూరు పేటలో. అదే తిరువొత్తియూరులో 1946లో కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్లై చిన్న షెడ్డులో పిల్లలాడుకునే బుడగలు తయారుచేయడం మొదలుపెట్టారు. 1952లో ట్రెడ్ రబ్బరుకు, 1961లో మాన్స్‌ఫీల్డ్ అనే అమెరికా కంపెనీ సహకారంతో టైర్లకు వచ్చారు. అదే మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ, మనందరి నోట్లో ఎమ్మారెఫ్. బండీ టైరూ ఒకే పేట బిడ్డలు. ఇప్పుడు ఎమ్మారెఫ్ టైర్లు మన సదాశివపేటలోనూ తయారవుతున్నాయి.

ఇక ఎంపిక. పాత 350 బుల్లెట్టుకు కంపెనీ ఇచ్చింది 3.25–19. టైరు వెడల్పు 3.25 అంగుళాలు, అంటే సుమారు 83 మిల్లీమీటర్లు. రిమ్ము అడ్డుకొలత 19 అంగుళాలు. ఇప్పటి లెక్కలో దీనికి దగ్గరి సైజు 90/90–19. కుర్రాళ్లు వెనక ఇంకా లావు టైరు ఎక్కిస్తున్నారు. చూడ్డానికి బాగుంటుందేమో గానీ సన్నటి పాత రిమ్ము మీద లావు టైరు గోడలు లోపలికి నొక్కుకుని, పైభాగం గుండ్రంగా ఉబ్బుతుంది. చైన్ కవరుకు రాసుకుంటుంది. దీన్ని నేను గట్టిగా వద్దంటాను.

ముందర టైరుకు పొడుగు గీతలు, వెనక టైరుకు గడ్డల్లాంటి గాట్లు పాత పద్ధతి. ముందరి చక్రం దారి చూపాలి, పక్కకు జారకూడదు, అందుకు గీతలు. వెనక చక్రం నేలను పట్టి తోయాలి, అందుకు గడ్డలు. పాత రూపం మీద మమకారం ఉన్నవాళ్లకు ఆనాటి గాట్లతోనే కొత్తగా తయారైన టైర్లు దొరుకుతున్నాయి. 1920ల నాటి బండ్లకు మాత్రం రిమ్ము అంచుకు కొక్కెంలా పట్టుకునే టైరు వేరు, ఆ రిమ్ము చూడకుండా ఏదీ కొనకూడదు.

ట్యూబు లేని టైరు వేస్తే పంక్చర్ బాధ తప్పుతుందని కొందరు సలహా ఇచ్చారు. ఇలాంటి పాత స్పోకుల రిమ్ముకు ప్రతి స్పోకు దగ్గర ఒక రంధ్రం ఉంటుంది, గాలి అక్కడి నుంచే పోతుంది. ట్యూబు ఉండాల్సిందే. టైరుతో పాటు ట్యూబు, దాని కింద రిమ్ టేపు కూడా కొత్తవే వేయించాలి.

ఇంత తెలిసీ నేను మోసపోయాను. దగ్గరి పట్టణంలో ఒక దుకాణంలో మెరుస్తున్న కొత్త టైరు కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే పక్క గోడ మీద చిన్న చట్రంలో 3214 అని ఉంది. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2014లో ముప్పై రెండో వారంలో తయారైన టైరు అది, ఏళ్ల తరబడి అటక మీదే ముసలిదైపోయింది. నేల మీద ఒక్కసారీ తిరగకపోయినా గాలి, వేడి, ఓజోన్ రబ్బరును గట్టిపరుస్తూనే ఉంటాయి. గట్టిపడ్డ రబ్బరు తడి రోడ్డును పట్టదు. తిరిగిచ్చి వేరేది తెచ్చుకున్నాను.

పాత బండికి ట్యాంకు, సీటు, హెడ్‌లైటు అన్నీ పాతవే ఉండాలని కోరుకోండి, నేనూ అంతే. టైరు దగ్గర మాత్రం ఆ పట్టుదల వదలండి. డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే ఆ నాలుగు అంకెలు చదవండి.